గోడ లెక్క

మా ఇంట్లో మొదట లెక్క రాసింది నేను కాదు, మా అమ్మ. బడి మొహం చూడని మనిషి. రాసింది కాగితం మీద కాదు, గోడ మీద.

మా పల్లె దివిసీమకి కాస్త ఎగువన, కాలవ గట్టు పక్కన ఉంటుంది. తాటాకిల్లు, మట్టి గోడలు. పొయ్యి పక్క మూలన అమ్మ బొగ్గుముక్కతో గీతలు గీసేది. ఒక రోజు కూలికి ఒక నిలువు గీత. ఒంటిపూట పనికి సగం గీత. కూలి డబ్బులు చేతికొస్తే ఆ గీతల మీద అడ్డంగా ఒక కొట్టివేత. ముందుగా బియ్యమో డబ్బులో తెచ్చుకుంటే కింద ఒక సున్నా. ఒక్కో ఆసామికి ఒక్కో వరస. ఏ వరస ఎవరిదో గోడ మీద ఎక్కడా ఉండదు. అది అమ్మకి తెలుసు. ఎప్పటి లెక్క అడిగినా వేలు పెట్టి చూపించేది. క్రిస్మస్‌కి ఇల్లంతా సున్నం కొట్టినా ఆ మూల మాత్రం ఒదిలేసేది. పాస్టరమ్మ గారొచ్చి "పండగపూట ఆ మచ్చేంటమ్మా" అంటే నవ్వి ఊరుకునేది.

1998 నాటి మాట ఇది. నేను మూడో తరగతి. ఊడ్పులు అయిపోయి కూలి లెక్కలు చూసుకునే రోజు. "ఒరే అబ్బాయ్, చదువుకుంటన్నావుగా, నువ్వు లెక్కెట్టు" అంది అమ్మ. గీత మీద గీతన వేలు పెట్టి లెక్కపెట్టాను. పద్నాలుగు. నన్ను కూడా వెంటబెట్టుకుని ఆసామి ఇంటికి పోయింది. ఆయన అరుగు మీద కూర్చున్నాడు. మేం వాకిట్లో నిలబడ్డాం. ఆయన చేతిలో పొడుగు పుస్తకం. అందులో పదకొండు.

"పద్నాలుగండి బాబుగారూ. మా పిల్లోడు కూడా లెక్కెట్టాడండి."

ఆయన నా వంక చూశాడు. "ఏం చదువుతున్నావురా?"

"మూడండి."

"గోడ మీద గీతలు లెక్కెట్టడం నేర్పుతున్నారా మీ బళ్ళో?"

అరుగు మీదోళ్ళంతా నవ్వారు. "పుస్తకంలో ఉంటే లెక్క. గోడ మీదుంటే బొగ్గు" అన్నాడాయన. పదకొండు రోజుల కూలే ఇచ్చాడు. రోజుకి పాతిక రూపాయలు. డెబ్భై అయిదు రూపాయలు పోయాయి. దారంతా అమ్మ నాతో మాట్లాడలేదు. ఇంటికొచ్చి పదకొండు గీతలే కొట్టేసింది. మూడు గీతలు అట్టాగే ఉంచేసింది. ఆ మూడు రోజులు ఎక్కడ పోయాయో నాకప్పుడు తెలీలేదు. పాతికేళ్ళు దాటినా తెలీలేదు.

ఈ గోడ సంగతి నేను మర్చిపోయాను. డిగ్రీ అయింది, బీఈడీ అయింది, డీఎస్సీలో ఉద్యోగం వచ్చింది. మా పల్లెలో మా ఇంటి నుంచి డిగ్రీ చదివినోడిని నేనే మొదలు. మట్టిల్లు పడగొట్టి సిమెంటిల్లు కట్టుకున్నాం. గోడతోపాటు ఆ మూలా పోయింది. అమ్మ ఆ రోజు పొయ్యి దగ్గిర మట్టిపెళ్ళ ఒకటి తీసి చేత్తో తిప్పి చూసి పారేసింది. నేనేమీ అడగలేదు.

మళ్ళీ ఆ గోడ గుర్తొచ్చింది 2023లో. మా రాష్ట్రంలో 2022 నుంచి టీచర్లకి ఫోనులో ముఖం చూపించి హాజరు వేసే పద్ధతి వచ్చింది. నాది ఏకోపాధ్యాయ పాఠశాల. ఒకరోజు సిగ్నల్ లేక నా ముఖం ఎక్కలేదు. పై ఆఫీసు లెక్కలో నేనా రోజు బడికి రాలేదు. సంజాయిషీ చెప్పమని మెమో వచ్చింది. పిల్లలు సాక్ష్యం, బడి పక్కింటి ముసలమ్మ సాక్ష్యం. వాళ్ళని ఎవరడుగుతారు?

ఫోను తీసి ఆ తేదీ కొట్టాను. వేల ఫొటోల్లోంచి ఆ రోజువి నాలుగు పైకొచ్చాయి. ఒకటి ప్రార్థనలో నిలబడ్డ పిల్లలది. ఉదయం 9 గంటల 6 నిమిషాలు. తీసిన చోటు కూడా ఉంది. వెనక బోర్డు మీద నా చేతిరాతతో తేదీ ఉంది. అచ్చు తీయించి సంజాయిషీకి కుట్టి ఇచ్చాను. మెమో అక్కడితో ఆగింది.

ఇంటికొచ్చి సంతోషంగా అమ్మకి చెప్పాను. అమ్మ వంకాయలు కోస్తా అంతా వింది. "అయితే నీ గోడని నమ్మారన్నమాట" అంది. కాసేపాగి మళ్ళీ అడిగింది: "మరి నా గోడని ఎందుకు నమ్మలేదురా?"

నా దగ్గర జవాబు లేదు. అప్పటిదాకా నా ఫోను నా బతుక్కి చిట్టా రాస్తోందని కూడా నేననుకోలేదు. అమ్మ ప్రశ్న పట్టుకుని చదవడం మొదలుపెట్టాను. మనిషి తన బతుకంతా తనే ఎక్కించుకుని, కావాల్సినప్పుడు వెతుక్కోవాలన్న ఆలోచన ఎవరికి వచ్చింది? ఎందుకొచ్చింది? దానికి లైఫ్‌లాగింగ్ అని పేరుంది. దానికో చరిత్ర ఉంది. ఆ చరిత్రలో మా అమ్మ గోడ లేదు. మిగతాది చెప్తాను.

1945 జులైలో వానెవర్ బుష్ అనే ఆయన అమెరికాలో ది అట్లాంటిక్ మంత్లీ పత్రికలో ఒక వ్యాసం రాశాడు. మామూలు మనిషి కాదు. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా ప్రభుత్వ శాస్త్ర పరిశోధన సంస్థని నడిపినాయన. ఆ వ్యాసంలో మెమెక్స్ అని ఒక యంత్రాన్ని ఊహించాడు. చూడటానికి రాతబల్ల. మనిషి పుస్తకాలు, ఉత్తరాలు, కాగితాలు అన్నీ మైక్రోఫిల్ములో చిన్నవై బల్ల లోపల ఉంటాయి. మీట నొక్కితే కావాల్సింది తెర మీదికొస్తుంది. ఒక కాగితానికీ ఇంకో కాగితానికీ ముడివేసి దారి పెట్టుకోవచ్చు. ఆ యంత్రాన్ని ఎవరూ తయారు చేయలేదు. కానీ తర్వాత వచ్చినోళ్ళంతా ఆ బల్ల చుట్టూనే తిరిగారు.

యంత్రం లేకుండానే ఎక్కించుకున్నోళ్ళూ ఉన్నారు. బక్‌మిన్‌స్టర్ ఫుల్లర్ అనే రూపశిల్పి 1920 నుంచి 1983లో చనిపోయేదాకా తనకొచ్చిన ఉత్తరాలు, బిల్లులు, గీసిన బొమ్మలు, పేపరు కత్తిరింపులు అన్నీ దాచాడు. వరసగా నిలబెడితే సుమారు 270 అడుగులు. ఇప్పుడవి స్టాన్‌ఫోర్డ్ విశ్వవిద్యాలయంలో ఉన్నాయి. రాబర్ట్ షీల్డ్స్ అని ఇంకొకాయన, వాషింగ్టన్ రాష్ట్రంలో డేటన్ అనే ఊరు. పాస్టరుగా చేశాడు, నాలాగా బళ్ళో పాఠాలూ చెప్పాడు. 1972 నుంచి 1997 దాకా ప్రతి అయిదు నిమిషాలకీ తనేం చేశాడో టైపు కొట్టుకున్నాడు. తిన్నది, తాగింది, మరుగుదొడ్డికి పోయింది కూడా. సుమారు 3 కోట్ల 75 లక్షల మాటలు. పక్షవాతం వచ్చాక ఆగింది. 2007లో చనిపోయాడు. ఆ డైరీలు విశ్వవిద్యాలయానికి ఇస్తూ, తను పోయాక 50 ఏళ్ళదాకా ఎవరూ చదవకూడదని షరతు పెట్టాడు.

ఇది చదివి నేను నవ్వాను. తర్వాత ఏడుపొచ్చింది. ఒక మనిషి మరుగుదొడ్డికి పోయిన లెక్కకి కూడా విశ్వవిద్యాలయంలో చోటుంది, కాపలా ఉంది. మా అమ్మ పద్నాలుగు రోజులు నడుం వంచిన లెక్కకి ఒక అరుగు మీద కూడా చోటు లేకపోయింది. షీల్డ్స్ మీద నాకు కోపం లేదు. ఎవరి బతుకైనా రాసుకోదగ్గదేనని ఆయన నమ్మాడు. ఆ నమ్మకం మాకెందుకు లేకుండా చేశారన్నదే నా బాధ.

అందరికన్నా గట్టిగా ఈ పని చేసింది గోర్డన్ బెల్. కంప్యూటర్లు తయారు చేయడంలో పేరున్న మనిషి. మైక్రోసాఫ్ట్ పరిశోధన విభాగంలో ఉండేవాడు. ఇక్కడ మన తెలుగాయన ఒకరు తగులుతారు. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టి, కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో పని చేసి, 1994లో ట్యూరింగ్ అవార్డు అందుకున్న రాజ్ రెడ్డి గారు. పుస్తకాలన్నిటినీ కంప్యూటరులోకి ఎక్కించాలని ఆయన పూనుకున్నారు. 1998లో బెల్‌ని అడిగారు, మీ పుస్తకాలు కూడా ఎక్కిస్తామని. సరే అన్న బెల్‌కి ఇంకో ఆలోచన వచ్చింది. పుస్తకాలే ఎందుకు, నా బతుకంతా ఎందుకు ఎక్కించకూడదు? కాగితాలు, ఫొటోలు, ఉత్తరాలు, ఫోను మాటలు, చూసిన వెబ్ పేజీలు, అన్నీ ఎక్కించుకుంటూ పోయాడు. జిమ్ గెమ్మెల్, రోజర్ లూడర్ అనే ఇద్దరు దానికి మైలైఫ్‌బిట్స్ అని ఒక ప్రోగ్రాము రాశారు. ఆ రోజుల్లోనే అదే కంపెనీ కేంబ్రిడ్జి ల్యాబులో లిండ్సే విలియమ్స్ అనే ఆవిడ మెళ్ళో వేసుకుంటే తనంతట తనే ఫొటోలు తీసే సెన్స్‌కామ్ తయారు చేసింది. దాన్నీ బెల్ తగిలించుకున్నాడు. జ్ఞాపకం పోయిన రోగులకి ఆ ఫొటోలు మళ్ళీ మళ్ళీ చూపిస్తే కొన్ని సంగతులు గుర్తొస్తున్నాయని డాక్టర్లు రాశారు. 2009లో బెల్, గెమ్మెల్ కలిసి టోటల్ రీకాల్ అని పుస్తకం వేశారు.

రాజ్ రెడ్డి గారి ప్రయత్నం వల్ల మన దేశంలోనూ లక్షల పుస్తకాలు స్కాన్ అయ్యాయి, వేల తెలుగు పుస్తకాలు వాటిలో ఉన్నాయి. మంచి పని. నేనూ దించుకుని చదివాను. కానీ ఎక్కిన పుస్తకాలన్నీ అంతకుముందు అచ్చయినవే. అచ్చు కానిది, అసలు కాగితమెక్కనిది ఏ యంత్రమూ స్కాన్ చేయలేదు. మా తాతల బతుకు కరణం పుస్తకంలో ఒక అంకె. అదీ ఎవరి పొలంలో ఎవరున్నారన్న లెక్క కోసం. 1984లో ఆంధ్రప్రదేశ్‌లో కరణీకాలు పోయాయి గానీ ఆ పుస్తకాల్లో మా మాట చేరలేదు. మేం రికార్డుకెక్కనోళ్ళం అంటారు. తప్పు. మేం ఎప్పుడూ రికార్డులోనే ఉన్నాం. కలం మా చేతిలో లేదు, అంతే.

ఇక వెతకడం సంగతి. ఎక్కించడం తేలికే. బెల్‌కీ చివరికి కష్టమైంది వెతకడమే. గాదె నిండా వడ్లు పోసి తలుపుకి తాళం వేసినట్టు, దొరకని జ్ఞాపకం ఉన్నా లేనట్టే. 2003లో సూసన్ డ్యూమే అనే ఆవిడా, ఆమె తోటివాళ్ళూ మైక్రోసాఫ్ట్‌లోనే ఒక పనిముట్టు చేశారు. స్టఫ్ ఐ హావ్ సీన్ దాని పేరు. నేను చూసినవి అని అర్థం. మనిషి ఇంతకుముందు చూసిన ఉత్తరాలు, ఫైళ్ళు, పేజీలు అన్నిట్నీ ఒక్కచోట వెతికిపెడుతుంది. జనం దాన్నెలా వాడారో గమనిస్తే తేలింది ఏంటంటే, మనుషులు తమ సంగతులు వెతుక్కునేది ముఖ్యంగా రెంటితో. ఎవరు, ఎప్పుడు. తర్వాత 2004లో గూగుల్ డెస్క్‌టాప్ వచ్చింది, 2011లో ఆపేశారు. 2005లో ఆపిల్ కంప్యూటర్లలో స్పాట్‌లైట్ వచ్చింది. ఇవాళ మన ఫోనులో ఉన్న వెతుకులాట అంతా ఆ వరసలోదే.

అదే 2003లో వాళ్ళు ఇంకో పరీక్ష చేశారు. వెతికిన ఫలితాల పక్కన ఉత్త తేదీలు కాకుండా గుర్తుండిపోయే సంఘటనలు కూడా పెట్టారు. లోకంలో జరిగిన పెద్ద వార్తలు, పండగలు, ఆ మనిషి సొంత ఫొటోలు. అట్టా పెడితే మనుషులు కావాల్సింది త్వరగా పట్టుకున్నారు. అంటే మనిషి కాలాన్ని అంకెలతో కాదు, దెబ్బలతో, పండగలతో గుర్తు పెట్టుకుంటాడని యంత్రం పక్కన కూర్చుని కనిపెట్టారు.

ఈ మాట మా పల్లెలో ఏ ముసలాయన్ని అడిగినా చెప్పేవాడు. మాకు మూడు తుపానులు ఉన్నాయి. 1969 మే తుపాను. 1977 నవంబరు 19 దివిసీమ ఉప్పెన. 1990 మే తుపాను. మా పల్లెలో పుట్టినోళ్ళు, పోయినోళ్ళు, పెళ్ళిళ్ళు అన్నీ ఈ మూడిటికి ముందో వెనకో. 90 తుపానుకి నేను ఏడో నెల కడుపులో ఉన్నానంటుంది అమ్మ. బళ్ళో మేష్టారు మాత్రం అంచనా మీద ఇంకో తేదీ వేశారు. నా సర్వీసు రిజిస్టరులో ఉన్నది ఆ అంచనా. నేను రిటైరయ్యేది కూడా ఆ అంచనా ప్రకారమే.

నా సంగతి పోనీయండి. మా పెదనాన్న 69 తుపానుకి పాలేరుతనానికి కుదిరిన పిల్లోడు. గొడ్లు కాయడానికి తొమ్మిదో ఏట పెట్టారు. ఆధార్‌లో ఆయన పుట్టింది 1966, జనవరి ఒకటి. లెక్కలోకి ఆరేళ్ళు తగ్గాడు. అరవై నిండాయి పింఛను ఇవ్వండని ఆఫీసుకి పోతే ఆధారం ఏదన్నారు. "69 తుపానుకి గొడ్లు తోలుకుని గుడి అరుగెక్కాను బాబూ, ఎక్కనిచ్చింది ఆ ఒక్క రోజే" అన్నాడు. అది అక్కడి గుమాస్తాకి హాస్యమైంది. తుపాను చేత సర్టిఫికెట్ రాయించుకు రమ్మన్నాడు. అమెరికాలో పరిశోధన అయినది మా ఆఫీసులో ఎగతాళి అయింది. ఏళ్ళ పింఛను ఆయనకి అందకుండా పోయింది.

కాబట్టి ఈ చరిత్రలో ఎక్కించడం, వెతకడం అని రెండు కష్టాలు కనపడతాయి. రెండూ చాలావరకు తీరాయి. మూడోది ఒకటుంది. నమ్మడం. బుష్‌కీ బెల్‌కీ ఆ కష్టం ఎదురు కాలేదు. వాళ్ళు రాసుకున్నది అబద్ధమని ఎవరన్నారు? ఆ మూడో కష్టం మాది.

1991 ఆగస్టు 6న అప్పటి గుంటూరు జిల్లా చుండూరులో ఎనిమిదిమంది దళితుల్ని నరికి చంపారు. 2007లో ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం వేసింది. 2014లో హైకోర్టు అందర్నీ వదిలేసింది. ఎప్పుడు, ఎక్కడ, ఎవరి చేతిలో అన్నది నిరూపణ కాలేదంది. పరిగెత్తి ప్రాణం దక్కించుకున్నోళ్ళు గడియారం చూసుకోలేదని తప్పు పట్టినట్టు నాకనిపించింది. ఆ రోజుల్లో పొలం గట్ల మీద పరిగెత్తేవాడి జేబులో ఫోనుంటే? ఉంటే గెలిచేవాళ్ళమని ఒట్టేసి చెప్పలేను. అదే 1991 మార్చిలో లాస్ ఏంజెలెస్‌లో రాడ్నీ కింగ్ అనే నల్లవాణ్ణి పోలీసులు కొడుతుంటే ఒకతను వీడియో తీశాడు. లోకమంతా చూసింది. మరుసటేడు జ్యూరీ ఆ పోలీసుల్లో ఎవర్నీ దోషి అనలేదు. మళ్ళీ 2020 మే 25న మినియాపొలిస్‌లో జార్జ్ ఫ్లాయిడ్ మెడ మీద పోలీసు మోకాలు పెడితే, 17 ఏళ్ళ డార్నెల్లా ఫ్రేజియర్ ఫోనులో తీసింది. పోలీసులు మొదట ఇచ్చిన ప్రకటనలో అది ఆరోగ్యం బాగాలేక పోయిన చావు. ఆ పిల్ల వీడియో ఆ ప్రకటనని అబద్ధం చేసింది. 2021లో శిక్ష పడింది. కెనడాలో స్టీవ్ మాన్ అనే ఇంజనీరు ఎన్నో ఏళ్ళుగా ఒంటి మీద కెమెరా కట్టుకు తిరుగుతున్నాడు. పైవాడు కిందివాణ్ణి కనిపెట్టి ఉండటానికి ఒక మాటున్నట్టే, కిందివాడు పైవాణ్ణి కనిపెట్టడానికీ ఆయన ఒక మాట పుట్టించాడు. సూవైలెన్స్. మా భాషలో చెప్పాలంటే, వాకిట్లోంచి అరుగు మీద లెక్క చూడటం.

అయితే ఈ పనిముట్టు రెండంచుల కత్తి. అమెరికా రక్షణ శాఖ పరిశోధన సంస్థ డార్పా 2003లో లైఫ్‌లాగ్ పేరుతోనే ఒక పథకం మొదలెట్టి, ఒక మనిషి చూసింది, విన్నది, తిరిగింది అంతా ఒకచోట చేర్చాలనుకుంది. గోల పుట్టి 2004లో ఆపేశారు. గోర్డన్ బెల్ 2024 మే 17న చనిపోయాడు. మూడు రోజులకి, మే 20న, మైక్రోసాఫ్ట్ రీకాల్ అని కొత్తది ప్రకటించింది. కంప్యూటరు తెర మీద కనపడేదాన్ని కొన్ని సెకన్లకోసారి ఫొటో తీసి దాచి, తర్వాత వెతికిపెట్టేది. దాచినవి దొంగల చేతికి తేలిగ్గా చిక్కుతాయని నిపుణులు గొడవ చేశారు. వాయిదా వేసి, తాళాలు బిగించి, ఇష్టమున్నోళ్ళే పెట్టుకునేలా మార్చి 2025 ఏప్రిల్‌లో వదిలారు.

మా బడి హాజరే చూడండి. నా ముఖం, నేను నిలబడ్డ చోటు, టైము రోజూ ఎక్కుతున్నాయి. ఆ పుస్తకం నాది కాదు. నా ఫొటోలు నావే అనుకుంటాను. అవి ఉన్నది కంపెనీ గాదెలో. పొద్దున నన్ను కాపాడిన తేదీ, చోటు రేపు ఏ సభకెళ్ళానో, ఎవరి శవం దగ్గర నిలబడ్డానో పట్టిస్తాయి. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం, మన సమాచారం గురించి అడిగే హక్కూ, సరిదిద్దమనే హక్కూ రాసింది. ప్రభుత్వానికి మినహాయింపులూ అందులోనే రాసింది. పొడుగు పుస్తకం ఇంకా అరుగు మీదే ఉంది. కాకపోతే మా చేతిలో ఇప్పుడు బొగ్గుముక్కకన్నా గట్టిది ఒకటుంది. దాన్ని వాడటం మానకూడదు, అది ఎవరి ఇంట్లో ఉందో మర్చిపోకూడదు.

బాబాసాహెబ్ అంబేద్కర్ 1935-36 ప్రాంతంలో తన బతుకులోంచీ, మనవాళ్ళ బతుకుల్లోంచీ కొన్ని సంఘటనలే ఏరి రాసుకున్నారు. వెయిటింగ్ ఫర్ ఎ వీసా. 1901లో మసూర్ స్టేషన్‌లో దిగిన పిల్లలు, బండి తోలనన్న బండివాడు, రాత్రంతా నీళ్ళు దొరకని దారి. బరోడాలో గది దొరకని రోజులు. బతుకంతా ఎక్కించలేదు. ఊరు, ఏడు, ఎవరేమన్నారు, అంతే. ఆయన 1956లో పోయారు. అది చిన్న పుస్తకంగా అచ్చయింది 1990లో, నేను పుట్టిన ఏడు. ఇన్నేళ్ళ తర్వాత కూడా ఆ మాటని ఎవరూ కొట్టిపారేయలేకపోతున్నారంటే, ఏది రాయాలో ఆయనకి తెలుసు కాబట్టి.

అమ్మ 2024 చివర్లో పోయింది. పోయిన నెలకి ఫోను తీసి వెతికాను. 'అమ్మ' అని కొట్టాను. ఏమీ రాలేదు. 'గోడ' అని కొట్టాను. మా బడి ప్రహరీ ఫొటోలు వచ్చాయి. ఫోను ఆమె ముఖాన్ని మాత్రం తనంతట తనే గుర్తుపట్టి ఒక పక్కన పోగేసింది. కింద పేరు చేర్చమని ఖాళీ ఉంచింది. రేషన్ కార్డులో ఒక పేరు, ఓటరు లిస్టులో ఒక పేరు, చర్చి రిజిస్టరులో ఒక పేరు ఆమెది. ఎవరికి ఎట్టా వినపడితే అట్టా రాసినవి. ఆమె తన నోటితో ఎట్టా చెప్పుకునేదో అట్టా రాశాను.

ఆమె మాట కూడా ఎక్కడో ఉండాలి. మెమో గొడవ తర్వాత ఒక మధ్యాహ్నం ఆమెని కూర్చోబెట్టి ఫోనులో మాట్లాడించాను. తర్వాత విననే లేదు. ఫైలుకి పేరు పెట్టలేదు. అంకెల వరసే పేరు. మా పల్లె మాట ఏ వెతుకులాటకీ అందలేదు. ఒక్కోటీ తెరుచుకుంటూ పోతే దొరికింది. నలభై ఒక్క నిమిషాలు. మొదట్నుంచీ విన్నాను. కోళ్ళ అరుపులు, మధ్యలో నాన్న దగ్గు. ముప్ఫయ్యో నిమిషం దాటాక తనంతట తనే ఎత్తుకుంది.

"ఆ మూడు రోజులూ చేలో పని కాదురా. ఆళ్ళ అమ్మాయి పెళ్ళి. మూడు రోజులు దొడ్డి ఊడ్చాను, పేడెత్తాను, ఎంగిలాకులెత్తాను, పెరట్లో పిండి దంచాను. ఆయన పుస్తకంలో ఊడ్పు కూలే రాస్తాడు. పెళ్ళి పని కూలి పనేంటి అంటాడు. నాకు నడుం నొప్పెట్టింది, గీత గీశాను. అంతే."

అంతే. గోడ అబద్ధం చెప్పలేదు. పుస్తకమూ ఉన్న ఊడ్పు రోజులు తప్పు రాయలేదు. ఏది పనో, ఏది పని కాదో తేల్చే అధికారం పుస్తకానిది. 1998లో అరుగు ముందు నిలబడి నేను లెక్క తప్పు చెప్పానేమో, అందుకే అమ్మ నాతో మాట్లాడలేదేమో అని ఇన్నాళ్ళూ నాలో ఎక్కడో ఒక మూల ఉంది. నా లెక్క సరైనదే.

ఫైలుకి పేరు పెట్టాను, ఇంకోసారి వెతకాల్సిన పని లేకుండా. ఫోనులో ఒకటి, విడిగా చిప్పులో ఒకటి ఉంచాను. మా తమ్ముడి కూతురికి ఇంకోటి ఇచ్చాను. ఆ తర్వాత నోటుపుస్తకం తీసి రాశాను: 1998, ఊడ్పుల కాలం. అమ్మ చేసిన పని పద్నాలుగు రోజులు. చేలో పదకొండు, పెళ్ళింట్లో మూడు. ఇచ్చిన కూలి పదకొండు రోజులకి. రావాల్సింది డెబ్భై అయిదు రూపాయలు.